కాకిబంగారపు పొడి, ఎర్రని వలయాలు

నెల్లూరు ప్రాంతపు సైదాపురం పరిసరాల్లోని అభ్రకపు గని దిబ్బల మీద ఆడుకొని పెరిగిన మా బడి పిల్లలకు కాకిబంగారం కొత్త వస్తువు కాదు. తొమ్మిదో తరగతిలో భౌతికశాస్త్రం మాస్టారు ఒకనాడు చందమామను ఆనుకొని రంగులతో కనిపించే చిన్న గుడిని గురించి చెబుతూ, అది పలుచని మబ్బులోని నీటిబొట్ల వల్ల ఏర్పడుతుందనీ, బొట్టు ఎంత చిన్నదైతే వలయం అంత వెడల్పవుతుందనీ వివరించారు. "దగ్గర గుడి దూరపు వాన" అన్న సామెత ఒక్కటే ఎరిగిన మాకు, గుడిని చూసి బొట్టును కొలవవచ్చునన్న మాట ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

ఖనిజపు పొడులను పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగానికి చేరినప్పుడు నాకు అదే సూత్రం యంత్రరూపంలో ఎదురైంది. నీటిలో కలిపిన పొడి రెండు గాజు పలకల నడుమ ప్రవహిస్తుండగా దాని గుండా హీలియం-నియాన్ లేజరు ఎర్రని కాంతిని పంపుతారు. దాని తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. రేణువుల చుట్టూ వంగిన ఆ కాంతి వలయాలుగా పరచుకొంటుంది. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గుండ్రని రేణువుకు మొదటి చీకటి వలయం కాంతి నేరుగా సాగే దిశనుంచి 0.44 డిగ్రీల వద్ద ఏర్పడితే, 10 మైక్రాన్ల రేణువుకు 4.4 డిగ్రీల వద్ద ఏర్పడుతుంది. అన్ని రేణువుల వలయాలూ కలగలిసిన వెలుగును శోధకాలు గ్రహించగా, అందులోనుంచి ఏ పరిమాణం ఎంత పాలు ఉన్నదో వెనక్కి లెక్కగడతారు. మరీ సన్నని రేణువులకు గుస్తావ్ మీ (Mie) అనే జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు 1908లో ప్రచురించిన కాంతి పరిక్షేపణ సిద్ధాంతమూ, పదార్థం కాంతిని ఎంత వంచుతుందో తెలిపే వక్రీభవన గుణకమూ అవసరం.

ఈ లెక్క అంతా రేణువు గోళమన్న భావన మీద నిలిచి ఉంది, అభ్రకమేమో రేకు. 75 మైక్రాన్ల జల్లెడలోనుంచి పూర్తిగా దిగిన అభ్రకపు పొడిలో అంతకన్న పెద్ద రేణువులున్నట్లు ఒకసారి యంత్రం చూపగా, యంత్రం చెడిందని పై అధికారి తీర్మానించారు. ఉండలు కట్టిందేమోనని అల్ట్రాసోనిక్ తరంగాలతో విడగొట్టి చూసినా ఫలితం మారలేదు. చివరకు సూక్ష్మదర్శిని కింద చూస్తే వెడల్పాటి పలుచని రేకులే కనిపించాయి. 75 మైక్రాన్ల చదరపు కన్నుకు మూల నుంచి మూలకు 106 మైక్రాన్లు ఉంటుంది గనుక, పలుచని రేకు ఆ ఏటవాలున జారిపోగలదు. జల్లెడా తప్పు చెప్పలేదు, లేజరూ తప్పు చెప్పలేదు. అవి కొలిచినవి వేరు వేరు కొలతలు.

అప్పటినుంచి నేను అభ్రకపు నివేదికలో సగటు పరిమాణాన్ని ఒంటరిగా రాయలేదు. దాని పక్కన జల్లెడ ఫలితాన్నీ, రేకుల ఛాయాచిత్రాన్నీ తప్పక చేరుస్తున్నాను.