దర్శనం దొరికింది, నిద్రే దొరకలేదు

మా చిన్నోడి పుట్టువెంట్రుకలు కొండ మీదే తీయించాలని అత్తయ్యగారి మొక్కు. వాడికి మూడో ఏడు నడుస్తోంది, పాపకి ఐదు నిండాయి. దర్శనం టికెట్లు, గది, రైలు అన్నీ మా ఆయన మూడు నెలల ముందే చూసుకున్నారు. ఏ పూట ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ తినాలో ఒక కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకున్నారు. పిల్లలు ఎప్పుడు పడుకుంటారన్నది మాత్రం ఆ కాగితంలో లేదు. నాకూ తట్టలేదు.

రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ ఊపుకి తాడేపల్లిగూడెం దాటకముందే పాప, ఏలూరు వచ్చేసరికి చిన్నోడు నిద్రపోయారు. "మనవాళ్లని ఎక్కడ పడేసినా పడుకుంటారు" అని మా ఆయన మురిసిపోయారు. ఇంకా తెల్లారకుండానే తిరుపతిలో దిగాలి కాబట్టి గాఢ నిద్రలో ఉన్నవాళ్లని లేపి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాం. నిద్ర అప్పు అక్కడే మొదలైంది.

స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జి. పగలంతా తిరుచానూరు, కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి. మధ్యాహ్నం గదికొస్తే టైము పోతుందని బయటే తినేశాం. సాయంత్రం ఐదున్నరకి ఆటోలో ఇద్దరూ ఒక్కసారి తలలు వాల్చారు. ఇరవై నిమిషాలంతే. ఆ ఇరవై నిమిషాలే మా కొంప ముంచాయి. మనం అలిసిపోతే మంచం కనపడగానే వాలిపోతాం. పిల్లలకి అలుపు ఒక హద్దు దాటిందంటే నిద్ర రాదు, పూనకం వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకి మా చిన్నోడు డబుల్ కాట్ మీద ఎగురుతూ, పొద్దున్నుంచి విన్న "గోవిందా గోవింద"ని గొంతు చించుకుని అరుస్తున్నాడు. పాప దిండ్లతో కోట కడుతోంది.

గది తలుపు పైన అద్దాల వెంటిలేటర్. వరండాలో ట్యూబ్‌లైటు వెలుగు దాంట్లోంచి తిన్నగా మంచం మీద పడుతోంది. పదకొండింటికి ఎవరో పెద్ద గుంపు కొండ దిగొచ్చి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లారు. మా ఆయన ఓపిక చచ్చి ఫోన్ చేతికిచ్చారు. "ఒక్కటే" అన్నది నాలుగైంది. లాక్కుంటే ఇద్దరూ రాగం. దిష్టి తగిలిందన్నారు అత్తయ్యగారు. లాడ్జిలో గల్లుప్పు ఎక్కడ దొరుకుతుంది? పెరుగన్నం పార్సిల్‌తో వచ్చిన చిన్న ఉప్పు పొట్లంతోనే దిగదుడిచారు.

అసలు తప్పు నాది. మా అమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంత ఒకటుంది. చిన్నోడు దాని మూల ముక్కుకి ఆనించుకుంటే గానీ కళ్లు మూయడు. నెలల తరబడి పట్టిన పాల వాసన, చొంగ వాసన అన్నీ ఆ మూలలోనే ఉంటాయి. నలుగురిలో తీయాల్సి వస్తుందని బయల్దేరే ముందు రోజు దాన్ని నానబెట్టి, ఉతికి, సువాసన వచ్చే నీళ్లలో ముంచి ఆరేశాను. ఆ రాత్రి వాడు మూల వెతుక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, "ఇది కాదు" అని మంచం కిందకి విసిరేశాడు. ఇక వాడికి నచ్చజెప్పే మాట నా దగ్గర లేదు. పడుకునేసరికి ఒంటిగంట.

ఒకటి రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని మా పిల్లల డాక్టరు ఎప్పుడో చెప్పారు. చీకట్లో వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఎలా కూడినా చిన్నోడికి ఏడు దాటలేదు.

మర్నాడు పొద్దున్నే కొండకి. నిద్రలో ఉన్నవాళ్లని లేపకుండా ఎత్తుకెళ్లి టాక్సీలో పడుకోబెట్టాం. ఎంతో తెలివి చూపించామనుకున్నాం. అలిపిరి టోల్‌గేట్ దగ్గర అందరూ దిగాలి, సామాన్లన్నీ స్కానింగ్‌లో పెట్టాలి, తనిఖీ దాటి అవతల మళ్లీ బండెక్కాలి. ఆ హడావుడికి ఇద్దరూ లేచి కూర్చున్నారు. చిన్నపిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అలిపిరి దాకా ఏదో ఒకటి చెప్పి మెలకువగా ఉంచి, అక్కడ నీళ్లు తాగించి, ఘాట్ రోడ్డెక్కాక పడుకోబెట్టాలి. పైకి వెళ్లే బండి 28 నిమిషాల కన్నా ముందు చేరకూడదని నిబంధన కూడా ఉంది, ఆ మాత్రం కునుకు దక్కేది. మాకు దక్కింది మలుపుల్లో పాప వాంతి.

కళ్యాణకట్టలో వాడు ఏడ్చిన ఏడుపు నేను రాయను. అది అయ్యాక స్నానం చేయించి గుండుకి గంధం రాస్తే, నా భుజం మీద ఎక్కుతూ ఎక్కుతూనే నిద్రపోయాడు. గంటన్నర. ఆ రోజుకి అది సరిపోయేది. మా 300 రూపాయల టికెట్ మధ్యాహ్నం మూడింటి స్లాటు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు గానీ, లైన్లో నిలబడాల్సింది వాళ్లతో కలిసే కదా. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి ఆ దారీ లేదు. కంపార్ట్‌మెంట్‌లో పిల్లలకి వేడి పాలిచ్చారు. ఆ పాలు కడుపులో పడగానే చిన్నోడు మళ్లీ వాలిపోయాడు. బంగారు వాకిలి దగ్గర "నాన్నా, స్వామి రా, చూడరా" అని గడ్డం పట్టుకుని లేపబోయాను. తల ఇటు నుంచి అటు తిప్పి మళ్లీ నా జాకెట్ మీద చొంగ కార్చాడు. "జరగండమ్మా, జరగండి." అంతే, బయటికొచ్చేశాం. ఇంతదూరం వచ్చి వాడికి దర్శనం కాలేదని నేను బాధపడుతుంటే, "వాడు చూడకపోతే ఏం, ఆయన వాణ్ణి చూశాడుగా" అన్నారు అత్తయ్యగారు.

ఆయన చూసినవాడు ఆరున్నర దాకా లేవలేదు. సాయంత్రం అంతసేపు పడుకున్న పిల్లాడికి రాత్రి నిద్రెక్కడిది? పదింటికి మంకీ క్యాప్ తొడిగి మాడవీధుల్లో తిప్పాం. గుండు మీది గంధం పొడిపొడిగా రాలి టోపీ అంచున మెడ దాకా అంటుకుంది. పుష్కరిణిలో దీపాల నీడలు చూపించి, ఏనుగుల కథ చెప్పి, పదకొండున్నరకి గదిలో పడుకోబెట్టాం. మూడింటికి మైకులో సుప్రభాతం. పాప లేచి కూర్చుని, "అమ్మా, తెల్లారిందా? ఇంకా చీకటిగా ఉందే?" అంది. స్వామికి తెల్లారింది తల్లీ, మనకి కాదు, అన్నాను. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మూడో రోజు కాణిపాకం చూసుకుని చిత్తూరులో మా ఆయన పిన్నిగారింటికి చేరాం. కాగితం ప్రకారం భోజనం కాగానే అరగొండ వెళ్లాలి. చిన్నత్తయ్య గుమ్మంలోనే పిల్లల మొహాలు చూసి, "ఏమ్మా, బిడ్డలు నిద్దర్లేక కండ్లు పీక్కపోయుండాయి గదా" అన్నారు. మా ఆయన అరగొండ మాటెత్తితే, "ఆంజనేయస్వామి యాడికీ పోడు లేరా, రేపు పొద్దన పోండి" అని ఒక్క మాటతో కాగితం చింపేసినంత పనిచేశారు.

పన్నెండున్నరకే పిల్లలకి మెత్తగా రాగిసంగటి, పప్పు, నెయ్యి. ఒంటిగంటకి కిటికీలకి దుప్పట్లు కట్టి గది చీకటి చేశారు. ఇద్దరూ పడుకున్నారు. నేనూ పడుకున్నాను. మూడు కాకముందే ఆవిడే వచ్చి లేపారు. పడుకోనివ్వండి చిన్నత్తయ్యా అని బతిమాలాను. "ఇబ్బుడు పండుకోనిస్తే రేయికి మనకి శివరాత్రే" అన్నారు. సాయంత్రమంతా పెరట్లో కోళ్ల వెంట పరిగెత్తనిచ్చారు. ఏడింటికి అన్నం, ఏడున్నరకి వేన్నీళ్లు, ట్యూబ్‌లైటు ఆర్పి జీరో బల్బు, తర్వాత పాలు.

వాళ్ల వసారా దూలానికి రెండు ఇనుప కొక్కేలున్నాయి. ఆవిడ బీరువాలోంచి మెత్తబడ్డ నూలు చీర తీసి ఉయ్యాల కట్టారు. ముడి మీద తన బరువంతా వేసి వేలాడి చూసి మరీ చిన్నోణ్ణి అందులో వేశారు. ఉయ్యాలకి ఒక తాడు కట్టి, కింద చాప మీద పడుకున్న పాప చేతికిచ్చి, "తమ్ముణ్ణి నువ్వే ఊపల్ల, ఆపితే లేస్తాడు" అని చెప్పారు. పాపకి ఎక్కడ లేని పెద్దరికం వచ్చేసింది. మాట్లాడకుండా తాడు లాగుతోంది. ఉయ్యాల కిర్రు కిర్రుమంటోంది. ఆ చప్పుడు మెల్లగా, ఇంకా మెల్లగా అయింది. వెళ్లి చూస్తే తాడు వేళ్లకి చుట్టుకునే ఉంది, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పైన చిన్నోడి కాలొకటి చీరలోంచి బయటికి వేలాడుతోంది. అప్పటికి ఎనిమిదిన్నర కాలేదు.

నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే చిన్నత్తయ్య నవ్వారు. శ్రీవారి సేవకి రెండు మూడుసార్లు వెళ్లొచ్చారావిడ. "కొండ మీద ఏకాంతసేవ లేదా? దేవుడికే రేయి పాలు పెట్టి, ఉయ్యాల మంచం మింద పండుకోబెట్టి, తాళ్లపాక వాళ్లు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరు మింద హారతిస్తారు. జనం ఎంతమందొచ్చినా ఆ వరస తప్పదు. ఒగ నాడు పాట ముందు, ఒగ నాడు పాలు ముందు అనేది లేదు. మీరేమో బిడ్డలకి దినానికొక తంతు చేస్తిరి."

ఇంట్లో మాకూ ఒక వరస ఉంది. స్నానం, పాలు, బొంత, కుందేలు కథ, లైటు. ఊరెళ్లాం కదా, పోనీలే అని మొదటి రోజే అన్నీ గాలికొదిలేశాను. కొత్త గది, కొత్త మంచం, కొత్త చప్పుళ్ల మధ్య వాళ్లకి తెలిసింది ఆ వరసొక్కటే. అదీ లాక్కున్నాను.

నాలుగో రాత్రి మళ్లీ తిరుపతి, మళ్లీ అదే లాడ్జి. ఈసారి రిసెప్షన్‌లో టేపు అడిగి, వెంటిలేటర్‌కి పాత పేపర్లు అంటించాను. పరుపు కిందకి దించాం, పడతారన్న భయం లేకుండా. ఏడింటికే ఫోన్లు బ్యాగులో. మా ఆయన్నీ అత్తయ్యగారినీ బజారుకి పంపేశాను, నాన్న కనిపిస్తే వాళ్లకి ఆటే. బొంత తీశాను. రైలు పొగ, గంధం, ఒలికిన పాలు, చిత్తూరు పెరటి మట్టి అన్నీ పట్టి ఉంది. చిన్నోడు మూల ముక్కుకి పెట్టుకున్నాడు. ఈసారి విసరలేదు. పాప మాత్రం "తాడేది?" అంది. నా చీర కొంగు చేతికిచ్చి, లాగుతూ ఉండమన్నాను. కుందేలు కథ రెండుసార్లు అయింది. పాప తొమ్మిదింబావుకి, వాడు తొమ్మిదీ నలభైకి. లాడ్జిలో అది నా లెక్కలో ఫస్ట్ క్లాసే.

రాజమండ్రి వచ్చి పది రోజులైంది. చిన్నోడు మంచం మీద పడుకోనంటున్నాడు, పైకి చూపించి "చీల ఉయ్యాల" అంటాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్లు వేలాడే కొక్కేలు తప్ప ఇంకోటి లేదు. ఆదివారం మేస్త్రీని రమ్మన్నాం. ఇంటి ఓనరుకి ఇంకా చెప్పలేదు.