ఇసుకలో ఖాళీ ఎంత?

ఇవాళ డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు పోరాసిటీ, అంటే రేణువుల మధ్య ఖాళీ ఎంత శాతమో కొలిచే ప్రాక్టికల్. గోదావరి ఇసుకను ముందే ఎండబెట్టి, జల్లెడ పట్టి, దొడ్డూ సన్నమూ వేరు చేయించాను. సన్న ఇసుకలో ఖాళీ తక్కువుంటుందని క్లాసంతా ఒకటే మాట. అయితే కొలవండి అన్నాను.

500 మిల్లీలీటర్ల గాజు జాడీలో దొడ్డు ఇసుక నింపి, రబ్బరు గొట్టంతో అడుగునుంచి నీళ్లు ఎక్కించాం. పైనుంచి పోస్తే సందుల్లో గాలి ఇరుక్కుని లెక్క తప్పుతుంది. తడి గీత పైకి పాకుతుంటే పిల్లలు జాడీకి ముఖాలు ఆనించి మరీ చూశారు. దాదాపు 200 మిల్లీలీటర్లు పట్టాయి, అంటే 40 శాతం ఖాళీయే. సన్న ఇసుకలోనూ ఇంచుమించు అంతే! రేణువులన్నీ ఒకే సైజువైతే చాలు, అవి పెద్దవా చిన్నవా అన్నదానితో ఖాళీకి పెద్దగా పనిలేదు. రెండూ కలిపి నింపాక మాత్రం 150 దగ్గరే ఆగింది. దొడ్డు రేణువుల సందుల్లో సన్నవి దూరి కూర్చున్నాయి మరి.

"కొత్తగా పేరుకున్న బురదలో 70 శాతం ఖాళీ అన్నారు కదా మేడమ్, మరి బంకమట్టిలో బోరేస్తే నీళ్లెందుకు రావు?" అని ఒకమ్మాయి అడిగింది. ఎంత సంతోషమేసిందో! మట్టిలో సందులు ఎక్కువే కానీ మరీ సన్నం, నీళ్లను వదలవు. మా వైపు మెట్ట ఊళ్లలో బోర్లు పడేది రాజమండ్రి ఇసుకరాయి పొరల్లోనే.

అక్కణ్నుంచి మాట లోతుకి మళ్లింది. పైన పొరలు పేరుకునేకొద్దీ బురదలోని నీళ్లు పిండుకుపోయి, ఖాళీ మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. దీన్ని ఏథీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1930లోనే సూత్రంగా రాశాడు. ఇసుక అంత తొందరగా లొంగదు. రేణువులు సర్దుకుంటాయి, ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. వేడి 80 డిగ్రీలు దాటేసరికి రేణువుల్ని అతికించే క్వార్ట్జ్ ఖనిజం (దీన్నే క్వార్ట్జ్ సిమెంటు అంటాం) పేరుకుని మిగిలిన సందుల్ని పూడ్చడం మొదలుపెడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చివర్లో చెప్పాను. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్నిచోట్ల బురద ఎంత వేగంగా పూడిపోయిందంటే, నీళ్లకు బయటపడే దారే దొరకలేదు. పైనున్న రాళ్ల బరువులో కొంత ఆ నీళ్లే మోస్తున్నాయి. అందుకే అంత లోతులోనూ ఆ మట్టిరాయిలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఖాళీ మిగిలింది. చమురు, గ్యాస్ బావులు తవ్వేవాళ్లు ఆ ఒత్తిడిని ముందే పసిగట్టి, బావిలోకి పంపే బురదలాంటి ద్రవం (డ్రిల్లింగ్ మడ్) బరువు పెంచకపోతే ప్రాణాల మీదకొస్తుంది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. వచ్చే క్లాసుకి చెరువు మట్టి తెచ్చి, బరువులు పెట్టి నీళ్లు పిండి చూపిస్తానన్నాను.