టక్కుమనడం ఆగిన రాత్రి

ఆవలిస్తే ఎడమ చెవి ముందు టక్, అన్నం నములుతుంటే టక్. రెండేళ్లు పట్టించుకోలేదు. నొప్పి లేకుండా ఉత్త చప్పుడే అయితే వైద్యం అక్కర్లేదు కూడా. ఒక రాత్రి రెండింటికి ఆవలింతతో మెలకువ వచ్చింది. టక్ లేదు. నోరు సగంలో ఆగిపోయింది. నిలువుగా మూడు వేళ్లు పట్టాల్సిన చోట రెండో వేలు దూరలేదు. ఇప్పుడు వాంతి వస్తే ఎలా? తెల్లారేదాకా ఆ ఒక్క భయంతోనే మంచం మీద కూర్చున్నాను. వెంకన్నకు మొక్కుకున్నాను.

దవడ కీలులో ఎముకల మధ్య మెత్తలాంటి డిస్కు ఉంటుంది. అది ముందుకు జారితే, నోరు తెరిచినప్పుడు కింది ఎముక బొడిపె దాని మీదికి ఎక్కుతుంది, ఆ చప్పుడే టక్. ఎక్కలేకపోతే చప్పుడూ ఉండదు, నోరూ తెరుచుకోదు.

ముందు ఒక డాక్టరు రాసిన చెవి చుక్కలు వాడాను, దండగ. తరవాత చూసిన పళ్ల డాక్టరు, "మాటలు తగ్గించమ్మా, ఇంట్లోవాళ్లకీ ప్రశాంతం" అని నవ్వాడు. రోజుకు ఐదు పీరియడ్లు పాఠం చెప్పే మనిషిని నేను. పైగా పళ్లు అరగదీసి కాటు, అంటే పైపళ్లూ కిందిపళ్లూ కలిసే తీరు, సరిచేస్తానన్నాడు! అరగదీసిన పన్ను మళ్లీ వస్తుందా? వెనక్కి తిప్పలేని వైద్యంతో మొదలుపెట్టేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

మూడో డాక్టరమ్మ నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలు పెట్టి కొలిచింది: 24 మిల్లీమీటర్లు. మామూలుగా 40 దాటాలి. ఎమ్మారై, నొప్పి మాత్రలు, మెత్తని తిండి, రోజుకు మూడుసార్లు పావుగంట వేడి కాపడం, ఫిజియో. ఆరు వారాలకు 27. అప్పుడు ఆర్థ్రోసెంటెసిస్ చేసింది. మత్తు సూది ఇచ్చి, చెవి ముందు కీలులోకి రెండు సూదులు దింపి, ఒకదాన్నుంచి రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం ఎక్కించి రెండోదాన్నుంచి బయటికి వదిలి కడగడం. సుమారు 100 మిల్లీలీటర్లు పోయాక బల్ల మీదే దవడ తెరిపించింది. మత్తుకు ఎడమ కన్ను కొన్ని గంటలు మూతపడలేదు. అలా అవుతుందని ఆవిడ ముందే చెప్పింది కాబట్టి బెదరలేదు. ఆ ఒక్క మాటకే ఆవిడకు దండం పెట్టాలి.

ఆ తరవాత రాత్రిళ్లు స్ప్లింట్, అంటే పళ్లకు పెట్టుకునే తొడుగు. గట్టి యాక్రిలిక్‌ది, పైపళ్లన్నిటినీ కప్పాలి. ముందు పళ్లకే తొడిగేది నెలల తరబడి వాడితే వెనక పళ్లు పెరిగి కాటు మారిపోవచ్చు. మెత్తని రబ్బరుది పెడితే కొందరు ఇంకా గట్టిగా కొరుకుతారు. పెట్టించుకుని వదిలేయకూడదు, మళ్లీ వెళ్లి ఎత్తులు సరిచేయించుకోవాలి. పగలు పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన పైపళ్ల వెనక అంగిట్లో ఉండాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆన్చండి. చెరకు, జంతికలు, చూయింగ్ గమ్ దగ్గరికి పోకండి.

ఇప్పుడు 41. మొక్కు తీర్చుకుని వచ్చాను. లడ్డూ చిన్న చిన్న పలుకులుగా చిదిమి తిన్నాను, కలకండ ఏరి మనవడికిచ్చి.