ఐపీకి ముందున్న మాట

కాశీబుగ్గ, మంగళవారం, రాత్రి 10 దాటింది.

పొద్దున మందుల షాపు షట్టరు లేపేసరికే వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. జీడిపిక్కల రోజులు కదా, ఎండలో పొద్దంతా వంగి ఏరే పని. కొంగు ముడి విప్పి మూడు షీట్లు కౌంటరు మీద పెట్టింది.

"కాళ్ళు పీకులు తగ్గట్లేదు బాబూ. ఇవి మూడూ ఏసుకుంతన్నాను. ఇంకేటైనా గట్టిది ఇయ్యి."

ఒకటి ఊళ్ళో ఇచ్చినది, ఒకటి బరంపురంలో రాసినది, మూడోది కోడలు వాడగా మిగిలినది. మూడు రంగులు, మూడు కంపెనీలు, మూడు పేర్లు. షీట్లు తిప్పి చదివితే మొదటిది ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. రెండోది డైక్లోఫెనాక్ సోడియం 50. మూడోది మళ్ళీ ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325, దాంతోపాటు సెరాషియోపెప్టిడేజ్ 15. పూటకొకటి చొప్పున రోజుకి రెండు పూటలు. అంటే రోజుకి 200 ఎంజీ దాటకూడని ఎసిక్లోఫెనాక్ 400 పడుతోంది. పైన డైక్లోఫెనాక్ 100. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఒక తల్లి పిల్లలు. మొదటిది ఒంట్లోకి వెళ్ళాక అందులో కొంత భాగం రెండోదిగానే మారుతుంది. పెద్దమ్మ లెక్కలో అవి మూడు మందులు. కడుపు లెక్కలో, కిడ్నీ లెక్కలో ఒకటే మందు, మోతాదు మాత్రం రెండింతల పైన.

ఇంకేం వాడుతున్నావమ్మా అంటే సంచిలోంచి బీపీ బిళ్ళ తీసింది. పేరు చివర 'హెచ్'. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5.

ఇది వేరే ఊళ్ళో అయినా ప్రమాదమే. ఉద్దానంలో మరీను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఊరూరా కనిపించే కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నొప్పి బిళ్ళల వల్లే వచ్చిందని చెప్పడానికి వీల్లేదు. కానీ ఇప్పటికే నీరసించిన కిడ్నీకి నొప్పి బిళ్ళ ఏం చేస్తుందో బాగా తెలుసు. కిడ్నీలో వడపోత గుత్తికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను నొప్పి బిళ్ళ ఆపేస్తుంది, నాళం ముడుచుకుంటుంది. సార్టాన్ రకం బీపీ బిళ్ళ తీసుకుపోయే నాళాన్ని వెడల్పు చేస్తుంది. 'హెచ్' లో ఉన్న నీటి బిళ్ళ ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. పై తూము సన్నబడి, కింది తూము బార్లా తెరిచి, చెరువులో నీరే లేకపోతే మడికి ఏం పారుతుంది? దానికి తోడు ఎండలో చెమట. నేరుగా మూడు పేర్లూ కనిపిస్తే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. ఇక్కడ ఒక పేరు 'హెచ్' అనే ఒక్క అక్షరంలో దాక్కుని ఉంది.

నొప్పి బిళ్ళలు మూడూ ఆపించి, బీపీ బిళ్ళ మాత్రం సొంతంగా మానొద్దని చెప్పి, కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరుకి నాలుగు షీట్లూ చూపించమన్నాను. అప్పటిదాకా ఒట్టి పారాసిటమాల్. "ఇంత చిన్నదేటి, ఇది పని చేస్తాదా?" అంది.

షీటు వెనక చదవడానికి ఇంగ్లీషు బాగా రావాల్సిన పని లేదు. ఐ, పీ అనే రెండు అక్షరాలు వెతకాలి. ఇండియన్ ఫార్మకోపియా అని దానర్థం, మందు నాణ్యతకి మన దేశం పెట్టుకున్న పుస్తకం. ఆ ఐపీకి సరిగ్గా ముందున్న మాటే మందు అసలు పేరు, తర్వాత ఉన్న అంకె మోతాదు. రెండు ఐపీలు ఉంటే రెండు మందులు, మూడుంటే మూడు. కొన్నిటికి బీపీ అనో యూఎస్పీ అనో ఉంటుంది, అవి బ్రిటన్, అమెరికా పుస్తకాలు. ఇక్కడ బీపీ అంటే రక్తపోటు కాదని చెప్పాలి, నిజంగానే పొరబడ్డవాళ్ళున్నారు. ఒకటో రెండో మందులున్న షీట్ల మీద అసలు పేరు బ్రాండు పేరుకన్నా పెద్దగా ఉండాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. మూడు, అంతకన్నా ఎక్కువ మందులు కలిసిన మిశ్రమాలకి, విటమిన్ మిశ్రమాలకి అది వర్తించదు. తికమక ఎక్కువ ఉన్నది మిశ్రమాల్లోనే. తెలుగులో ఒక్క ముక్క ఉండదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

నొప్పి బిళ్ళలకి ఇంకో గుర్తు పేరు తోకలోనే ఉంది. చివర 'ఫెనాక్' ఉన్నా, 'ప్రొఫెన్' ఉన్నా, 'కాక్సిబ్' ఉన్నా, 'ఆక్సికామ్' ఉన్నా అవన్నీ ఒకే కుటుంబం. రెండు కలిపి వాడకూడదు. నిమెసులైడ్, నాప్రాక్సిన్, మెఫనామిక్ యాసిడ్ ఈ తోకలకి దొరకవు, కానీ అవీ ఆ ఇంటివే. కిడ్నీ, అల్సరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇవన్నీ కంఠతా పట్టినా తప్పులేదు.

పది గంటలకి ఒక తల్లి. "గుంటడికి జొరం, మొన్నటి సీసానే ఇయ్యండి." మొన్నటి సీసా ఏదన్నది అసలు ప్రశ్న. పిల్లల పారాసిటమాల్ ఒకే పేరుతో మూడు గాఢతల్లో వస్తుంది: 5 ఎంఎల్‌కి 120 ఎంజీ ఉన్నది, 5 ఎంఎల్‌కి 250 ఉన్నది (దీని పేరు పక్కన 250 అనో డీఎస్ అనో ఉంటుంది), ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉన్న చుక్కల మందు. బిడ్డ బరువు కిలోకి 10 నుంచి 15 ఎంజీ ఒక మోతాదు. 10 కిలోల బిడ్డకి 150 అనుకుంటే మొదటి సీసాలో సుమారు 6 ఎంఎల్, రెండోదాంట్లో 3, చుక్కల మందులో ఒకటిన్నర. ఇప్పుడు 6 ఎంఎల్ అన్న మాట ఒక్కటే గుర్తుపెట్టుకుని సీసా మార్చితే? 250 సీసాలో అది 300 ఎంజీ. చుక్కల సీసాలో 600. అందుకే "ఎన్ని ఎంఎల్" అని కాక "ఎన్ని ఎంజీ" అని అడగాలి, సీసాతో వచ్చిన మూతతోనో డ్రాపరుతోనో కొలవాలి. ఇంట్లో చెంచాలు ఒకదానికొకటి పోలిక ఉండవు. మోతాదుకి మోతాదుకి మధ్య కనీసం 4 గంటలు, రోజుకి నాలుగు సార్లు మించకూడదు. సీసా అట్టపెట్టె పారేయకుండా దాచమన్నాను.

మధ్యాహ్నం పెద్దాయన ఒకరు అమెరికాలో ఉన్న కొడుకు పంపిన డబ్బా తెచ్చారు. దాని మీద ఎసిటమినోఫెన్ 500. జ్వరానికి మన 650 బిళ్ళ రోజుకి మూడు సార్లు, అది సరిపోక అమెరికా బిళ్ళ రెండేసి మూడు సార్లు. వేరే మందు కదా, కలిపితే ఏమీ కాదనుకున్నారు. 650 మూడు సార్లంటే 1950. 500 రెండేసి మూడు సార్లంటే 3000. మొత్తం 4950. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4000 హద్దు. తాగుడు ఉన్నా, తిండి సరిగ్గా లేకపోయినా, లివరు జబ్బు ఉన్నా ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

ఎసిటమినోఫెన్, పారాసిటమాల్ రెండూ ఒకటే. పారా-అసిటైల్-అమైనో-ఫినాల్ అన్న పొడుగు రసాయన పేరుని ఇద్దరు రెండు రకాలుగా కత్తిరించారు. ముందు నుంచి 'పారా', 'అసిట్', 'యామ్', ఆఖరి 'ఆల్' ఏరుకుంటే పారాసిటమాల్. 'పారా' వదిలేసి 'అసిట్', 'అమినో', 'ఫెన్' పట్టుకుంటే ఎసిటమినోఫెన్. కాగితం మీద ఆ పొడుగు పేరు రాసి అక్షరాల కింద గీతలు గీసి చూపిస్తే పెద్దాయన ముఖం మారిపోయింది. ఎక్కువైతే వెంటనే ఏమీ తెలియదు, అదే దీని మోసం. మొదటి రోజు వాంతి, వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు, లివరు దెబ్బ రెండో మూడో రోజుకి బయటపడుతుంది. విరుగుడు ఎసిటైల్ సిస్టీన్, ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది. అందుకే ఆయన్ని ఇంటికి కాదు, రక్తపరీక్షకి ఆసుపత్రికి పంపాను. జలుబు బిళ్ళల్లో, నొప్పి మిశ్రమాల్లో కూడా పారాసిటమాల్ 325 నుంచి 500 దాకా ఉంటుంది, అవీ లెక్కలోకి రావాలి.

ఈ రెండు పేర్ల గొడవ తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఒక మందుకి ఒక పేరు అన్న పని మొదలుపెట్టి 1953లో మొదటి జాబితా ఇచ్చింది. పారాసిటమాల్, సాల్బుటమాల్ ఆ పద్ధతిలో తర్వాత వచ్చిన పేర్లే. అమెరికా కొన్నిటికి తన పేర్లే ఉంచుకుంది: ఆయాసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ అల్బుటెరాల్, షుగరుకి వాడే గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యూరైడ్, టీబీకి వాడే రిఫాంపిసిన్ అక్కడ రిఫాంపిన్. పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే అమ్మానాన్నలు ఈ మూడూ కాగితం మీద రాసుకుంటే చాలు.

సాయంత్రం తోకల పట్టిక గోడకి అంటించాలని మొదలుపెట్టి సగంలో ఆపాను, ఎందుకంటే ఒకే తోకకి ఒకే అర్థం లేదు. షుగరు బిళ్ళ పక్కన 'ఎం' అంటే మెట్‌ఫార్మిన్. ఎలర్జీ బిళ్ళ పక్కన 'ఎం' అంటే మాంటెలుకాస్ట్. గేస్ బిళ్ళ పక్కన 'డీ' డాంపెరిడోన్, కాల్షియం పక్కన 'డీ' విటమిన్. అన్నిటికన్నా చెడ్డది 'ఎంఆర్'. షుగరుకి వాడే గ్లిక్లజైడ్ పక్కన ఉంటే మెల్లగా కరిగేది అని, దాన్ని నలపకూడదు, నమలకూడదు. నొప్పి బిళ్ళ పక్కన ఉంటే కండరాలు వదులు చేసే ఇంకో మందు కలిసిందని, అది వేసుకుని కొబ్బరి చెట్టు ఎక్కకూడదు, బండి నడపకూడదు, మగతగా ఉంటుంది. పట్టిక అంటిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. తోక చూసి ఊహించడం మాని వెనక్కి తిప్పి ఐపీలు లెక్కపెట్టడమే దారి.

డాక్టరు చీటీల్లో ఒకేలా కనిపించే కార్బిమజోల్, కార్బమజెపిన్ పేర్లు కూడా ఇలాగే తికమక పెడతాయి. మొదటిది థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళకి, రెండోది ఫిట్స్‌కి. రాత గీతలా పోతే అంకె కాపాడుతుంది: 5, 10, 20 అయితే కార్బిమజోల్, 100, 200, 400 అయితే కార్బమజెపిన్. అంకె కూడా అనుమానమైతే డాక్టరుకి ఫోను చేయాల్సిందే, ఊహించి ఇవ్వకూడదు.

డయాలసిస్ దాకా రాకుండా మందుల మీద ఉన్న కంచిలి ఆయన కోసం కొడుకు వచ్చాడు. సోడియం బైకార్బనేట్ 500 బిళ్ళలు అయిపోయాయి. "ఇది తినే సోడాయే అంట కదా అన్నా, ఇంట్లో డబ్బా ఉంది, చెంచాడు కలిపిచ్చేయొచ్చా?" మంచి ప్రశ్న, అడిగి చేసినందుకు సంతోషం. అవును, అదే. సోడామింట్, వంట సోడా, తినే సోడా, బేకింగ్ సోడా, బడి పుస్తకంలో సోడియం హైడ్రోజన్ కార్బనేట్, కొన్ని పొంగే గేస్ పొడుల మీద స్వర్జికా క్షారం, అన్నీ అదే. కిడ్నీ ఒంట్లోని ఆమ్లాన్ని బయటికి పంపలేకపోతే దాన్ని విరవడానికి ఇస్తారు. కానీ తల కొట్టిన చెంచాడు సోడా సుమారు 5 గ్రాములు, అంటే 10 బిళ్ళలు. అందులో సోడియమే 1370 ఎంజీ దాకా. కాళ్ళ వాపు, బీపీ, ఆయాసం ఉన్న మనిషికి అది చాలా ఎక్కువ. ఉప్పు తగ్గించమని చెప్పిన ఇంట్లో గేస్ పొడి ప్యాకెట్లు విప్పితే ఆ పథ్యం అంతా వృథా. చాకలి సోడా మాత్రం వేరే రసాయనం, సోడియం కార్బనేట్, నోరూ గొంతూ కాల్చేస్తుంది. రెండు తెల్లపొడులూ ఒకే గూట్లో, పేరు రాయని సీసాల్లో ఉంచొద్దన్నాను.

షీటు కత్తిరించడం గురించి షాపు కుర్రాళ్ళకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ ఒక చివరన ఉంటాయి. రెండో చివర నుంచే కోయాలి, నంబరున్న ముక్క షాపులో మిగలాలి. కోసిచ్చిన రెండు బిళ్ళల మీద పేరు సగమే ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. కాబట్టి కవరు మీద తెలుగులో అసలు పేరు, ఎంజీ, దేనికి, ఎప్పుడు అని నాలుగూ రాయాలి. బ్రాండు పేరు రాయకపోయినా నష్టం లేదు.

మూసే ముందు స్టాకు వచ్చింది. టెల్మిసార్టాన్ ఈసారి వేరే కంపెనీది, మోతాదు అదే, మందు అదే. ఇన్నాళ్ళూ గులాబీ రంగు షీటు, ఇప్పుడు నీలం. పాతది ఇంట్లో నాలుగు మిగిలి ఉండగా కొత్తది తీసుకెళ్ళి రెండూ వేసుకునేవాళ్ళు ఉంటారు. రేపు వచ్చేవాళ్ళందరి కవర్ల మీద "గులాబీ షీటు, నీలం షీటు మందు ఒకటే, రోజుకి ఒక్క బిళ్ళే" అని రాయాలి. ముప్ఫై కవర్లు ఇప్పుడే రాసి పెట్టాను. పెద్దమ్మ శుక్రవారం క్రియాటినిన్ రిపోర్టు తెస్తానంది.