లో కార్బ్ డైట్‌లో డార్క్ చాక్లెట్: డైటీషియన్ గదిలో నాకు జరిగింది

నిన్న సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 8.1 నుంచి 6.4కి దిగింది. ఆ సంతోషం ఒకపక్క, ఆ డైటీషియన్ మీద కడుపుమంట ఇంకోపక్క. రెండూ చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది కావలి. స్కూల్లో లెక్కలు చెబుతాను. షుగర్ బయటపడ్డాక నెల్లూరులో డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి, పిండి పదార్థాలు బాగా తగ్గించమన్నారు. అన్నం తగ్గించడం అనుకున్నంత కష్టం కాలేదు. మధ్యాహ్నం చిన్న కప్పుడు అన్నం, మిగతాదంతా కూరలు, గుడ్లు, చేపలు, పెరుగు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇలా చేయొద్దు, కళ్లు తిరిగి పడిపోతారు.

నాకు గండం సాయంత్రం నాలుగు గంటలకి. స్టాఫ్ రూమ్‌లో టీ, పక్కన బిస్కెట్లు, ఎవరి పుట్టినరోజో అయితే మలై కాజాలు. ఆ వేళకి నోరు తీపి కోసం పీకేస్తుంది. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఫోన్లో, "అక్కా, 85 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ ఒక్క ముక్క వేసుకో, మళ్లీ అడగదు" అన్నాడు. నిజంగానే అడగలేదు. 10 గ్రాముల ముక్క నమలకుండా నాలుక మీద పెట్టుకోవాలి. ముందు చేదు తగులుతుంది, తర్వాత కోకో వెన్న కరిగి నోరంతా నునుపవుతుంది, ఆఖర్లో ఎక్కడో కొంచెం తీపి. మా అత్తగారికి పెడితే, "ఇదేందమ్మే, ఇంత చేదుగా ఉండాది" అని ఊసేశారు. ఆ చేదే కావాలి. తియ్యగా ఉంటే ఒక ముక్కతో ఎవరూ ఆగరు.

ఇక అసలు సంగతి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్ గారికంటే ముందు డైటీషియన్ గదిలోకి పంపారు. తలుపు తీసే ఉంది. బయట బెంచీల నిండా జనం, అందులో మా స్కూల్లో చదివే పిల్లాడి తల్లి కూడా ఉంది. ఏమేం తింటున్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను, చాక్లెట్‌తో సహా. ఆ అమ్మాయి రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసి, బెంచీల దాకా వినపడేలా, "చాక్లెట్టా? ఈ వయసులో చాక్లెట్ ఏందమ్మా? మనవలు తినేది మీరు తింటా, షుగర్ తగ్గమంటే ఎట్టా తగ్గుద్ది?" అంది. బయట ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఇరవై ఏళ్ల పైబడి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. తప్పు చేసిన పిల్లనైనా నలుగురి ముందు అలా అనను.

బ్యాగులోంచి చాక్లెట్ రేపర్ తీసి, "ఒక్కసారి వెనక చూడమ్మా" అన్నాను. చేత్తో కూడా ముట్టుకోలేదు. "అవన్నీ కంపెనీవాళ్లు రాసుకునేవి" అని ఒక జిరాక్స్ కాగితం నా ముందుకు తోసింది. సగం అక్షరాలు వెలిసిపోయిన కాగితం. నా ముందు వెళ్లిన పెద్దాయనకీ అదే, నా తర్వాత వెళ్లిన గర్భిణికీ అదే. ఉదయం మూడు ఇడ్లీలు, పదకొండింటికి ఒక పండు, సాయంత్రం టీతో రెండు మేరీ బిస్కెట్లు, రాత్రి మూడు చపాతీలు. చాక్లెట్ అన్న మాట మీద పెన్నుతో పెద్ద ఇంటూ కొట్టి ఇచ్చింది.

ఆ కాగితం వెనకే బెంచీ మీద కూర్చుని లెక్క వేశాను. నా రేపర్ ప్రకారం పీచు తీసేస్తే 100 గ్రాములకి 22 గ్రాముల పిండి పదార్థం, అంటే నా 10 గ్రాముల ముక్కలో 2.2 గ్రాములు. రెండు మేరీ బిస్కెట్లలో సుమారు 8 గ్రాములు, అదీ మైదా, చక్కెర. ఆరో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది. డిగ్రీ పెట్టుకుని కూర్చున్న మనిషి రేపర్ తిప్పి చూడటానికి ఏం బరువు?

డాక్టర్ గారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని రేపర్ రెండువైపులా చదివారు. నేను గ్లూకోమీటర్‌తో రాసుకున్న పుస్తకం చూశారు. ముక్క తిన్న రెండు గంటలకి రీడింగ్ పెద్దగా కదల్లేదు. "రోజుకి ఇదొక్కటే, మించకండి" అన్నారు. ఫీజు దానికి ఇచ్చాననుకున్నాను.

షుగర్ తగ్గింది చాక్లెట్ వల్ల కాదు, అన్నం, టిఫిన్లు తగ్గించడం వల్ల. ఆ తగ్గించడాన్ని మధ్యలో వదిలేయకుండా నిలబెట్టింది మాత్రం ఈ ముక్కే. మిగతా లాభాలు ఉన్నాయి గానీ ఒక మోస్తరు. కోకోలోని ఫ్లావనాల్స్ అనే సహజ పదార్థాలు రక్తనాళాలు సాగేలా చేస్తాయి. రోజుకి 200 మిల్లీగ్రాములు అందితే ఆ మేలు ఉంటుందని యూరప్ ఆహార భద్రత సంస్థ 2012లో ఒప్పుకుంది. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన కాస్మోస్ పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. కోకో సారం మాత్రలు తీసుకున్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు తగ్గాయి గానీ, మొత్తం గుండెపోట్లు, పక్షవాతాల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవి మాత్రలు, చాక్లెట్ బార్లు కావు. మెగ్నీషియం, ఐరన్ కూడా బాగానే ఉంటాయి. 100 గ్రాములకి 600 క్యాలరీలు కూడా ఉంటాయి, అది మర్చిపోవద్దు.

కొనేటప్పుడు ముందున్న బొమ్మ వదిలేసి వెనక చదవండి. పదార్థాల పేర్లు బరువు వరసలో ఉంటాయి. మొదటి పేరు చక్కెర అయితే అక్కడే పెట్టేయండి. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, అసలు చాక్లెట్ కాదు. కోకోని ఆల్కలీతో శుద్ధి చేశారని ఉంటే చేదుతో పాటు ఫ్లావనాల్స్ కూడా చాలావరకు పోయినట్టే. 'షుగర్ ఫ్రీ' అన్నవాటిలో చక్కెర బదులు వేసే మాల్టిటాల్ ఎక్కువ. అది షుగర్‌ని కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. మా కొలీగ్ ఒకావిడ పెళ్లి ప్రయాణంలో పడిన అవస్థ నేను చూశాను.

నెల్లూరు నుంచి కావలికి మధ్యాహ్నం బస్సులో తెస్తే రోహిణి కార్తెలో చేతికి పాయసమే వస్తుంది. పొద్దున్నే కొని స్టీలు డబ్బాలో పెట్టుకోండి. కరిగి గట్టిపడ్డాక పైన తెల్లగా పూత వస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కోకో వెన్న, తినొచ్చు.

ఒక్క ముక్క దగ్గర ఎందుకు ఆగాలంటే, 2022లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు 28 డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నిట్లోనూ సీసం, కాడ్మియం అనే హాని చేసే లోహాలు కనిపించాయి. చిన్నపిల్లలకి, గర్భిణులకి రోజూ అలవాటు చేయకండి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి ఇందులోని ఆక్సలేట్, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం, ఫాస్ఫరస్ పనికిరావు. కనిగిరి వైపు మా బంధువుల్లో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు అడిగితే నేను ముక్క కూడా ఇవ్వలేదు. ముందు మీ కిడ్నీ డాక్టర్‌కి రేపర్ చూపించండి అని చెప్పాను.