గుమ్మడికాయ వేలంపాట

మా హాస్టల్లో సగంమందిమి మెదక్ పల్లెల పిల్లలమే. మా తాత చిన్నప్పుడు మెదక్ చర్చికి రాళ్లు మోశాడట. కరువులో మిషనరీ పాస్నెట్ దొర ఊరికే గంజి పోయకుండా పని చూపించి తిండి పెట్టాడు. 1914లో మొదలైన ఆ పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. "అది మనం తిన్న అన్నంరా" అనేవాడు తాత, చర్చిని చూపిస్తూ.

సికింద్రాబాద్‌లో మా హాస్టల్ మెస్, చర్చిలో పంట కానుకలు తెచ్చే కోత పండుగ మీద ఆధారపడి నడిచేది. కోళ్లు, కొబ్బరికాయలు, సంచుల్లో బియ్యం ఎవరికి తోచింది వాళ్లు తెచ్చేవారు. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలం. వచ్చిన డబ్బులో కొంత మా పప్పులోకి.

1983లో ఒక గుమ్మడికాయ దగ్గర కథ తిరిగింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన అంకుల్‌కీ, బియ్యం కొట్టు అంకుల్‌కీ ఏళ్లుగా మాటల్లేవు. సమాధుల తోట గోడ దగ్గర చెడిందనేవారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు వంటి వేరువేరు క్రైస్తవ శాఖలవాళ్లు కలిసి ఒకే సంఘమయ్యారు. మాకు మాత్రం ఒక గోడ అడ్డమొచ్చింది! మోండా మార్కెట్లో రెండు రూపాయలకు దొరికే కాయను వీళ్లిద్దరూ పంతానికి పోయి నూట నలభై దాకా పాడారు. ఆ నెల మా పప్పు గరిటెకు అంటుకుంది.

తర్వాతి ఆదివారం ప్రభు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. పాస్టరు అయ్యగారు బైబిల్లో మత్తయి అయిదో అధ్యాయం తీశారు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమనే మాట చదివి, పుస్తకం మూసి మెట్టు మీద కూర్చున్నారు. ఫ్యాను కిర్రుమంటోంది. వెనక ఎవరో దగ్గారు. పావుగంటైనా ఎవరూ లేవలేదు. ఆయన లేచి రొట్టె మీద గుడ్డ కప్పేసి, దీవెన చెప్పి పంపేశారు. ఊళ్లో రెండు వాడల క్రైస్తవులు వేరువేరు బెంచీల్లో కూర్చోవడం నేను చూశాను. అక్కడ కూడా ఇంత మొండి పాస్టరు ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆకలి తీర్చడానికి ముందుకొచ్చే సంఘం ఈ విషయంలో ఎందుకో నీళ్లు నములుతుంది.

ముందు ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో తెలియదు. మరుసటి ఏడు వేలంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గుమ్మడికాయ వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నోరు విప్పలేదు. నాలుగు రూపాయలకు పోయింది.

మా పప్పు మళ్లీ పలచబడింది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం మెస్ ముందు రిక్షా ఆగింది. బస్తా బియ్యం, దాని మీద ఒక గుమ్మడికాయ. పక్కన ఆ ఇద్దరూ, రిక్షా డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని పోట్లాడుకుంటున్నారు.