మా జెన్‌కి మడ్‌గార్డ్

మా కారు మారుతి జెన్, 2002 మోడల్. ఎడమ వైపు ముందు మడ్‌గార్డ్‌కి చక్రం వెనక తుప్పు ఎప్పటినుంచో ఉంది. బురద అంతా అక్కడే పేరుకుంటుంది మరి. మొన్న గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆటో రాసుకుంటూ పోయేసరికి ఆ ముక్క కాస్తా ఊడింది. 2022లో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదు వేలు కట్టాను. ఆ ఏప్రిల్ నుంచే ఫీజు ఆరు వందల నుంచి ఐదు వేలకు పెంచారు. 2027 దాకా తిరిగే హక్కు ఉంది కాబట్టి, చొట్టతో తిరగడం నాకు ఇష్టం లేదు.

షాపులో కొత్తది దొరకదా అంటే, దొరుకుతుంది. కంపెనీది కాదు, లోకల్‌ది. రేకు పల్చన, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. బోల్టు రంధ్రాలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, ఆకురాయితో రాకి కూర్చోబెట్టాలి. మా టింకరింగ్ పెద్దాయన దాన్ని చూసి "దీనికి నేను చేసే పని కంటే పాతది తెచ్చుకోవడం నయం అమ్మా" అన్నాడు. అలా విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరాను.

ఆటోనగర్ అంటే ప్రధానంగా లారీల ఊరు. కార్ల సామాను ఉంది కానీ వెతుక్కోవాలి. అందులోనూ బాడీ రేకులు మరీ కష్టం. ఇంజను, ఆల్టర్నేటర్, గేర్‌బాక్స్ అయితే విప్పి అరల్లో పెడతారు. తలుపులు, మడ్‌గార్డులు చోటు తినేస్తాయి, అందుకని కోసి కిలోల లెక్కన తుక్కుకి తోసేస్తారు. దానికి తోడు పేరు గొడవ. "జెన్" అనగానే ఒక కుర్రాడు "జెన్ ఎస్టిలో" అనే కారుది పట్టుకొచ్చాడు. 2006 చివర్లో వచ్చిన ఎస్టిలో వేరే బండి, జెన్‌కీ దానికీ చుట్టరికం పేరు వరకే. ఇంకొకాయన ఆల్టోది చూపించి "సెట్ చేసేద్దాం మేడమ్" అన్నాడు. ఆయన ధైర్యానికి దండం పెట్టాను.

అసలు చిక్కు 2003. ఆ ఏడాది జెన్ ముఖం మార్చారు, బానెట్, హెడ్‌లైట్లు వేరే వచ్చాయి. హెడ్‌లైట్ ఆకారం మారితే దాన్ని ఆనుకునే మడ్‌గార్డ్ అంచు మారక తప్పదు. కాబట్టి నాకు కావలసింది 1993 నుంచి ఆ మార్పు దాకా వచ్చిన వాటిలో ఎడమ వైపుది. అక్కడ మాత్రం ఎడమ అంటే ఎవరూ పలకరు, "క్లీనర్ సైడ్" అనాలి.

చివరికి దొరికింది ఒక షెడ్డు వెనక, ముదురు ఎరుపు రంగులో. మా బండి వెండి రంగు. చాలామంది ఇక్కడే రంగు కలవలేదని వదిలేస్తారు, నాకది అనవసరపు టెన్షన్ అనిపిస్తుంది. ఇరవై ఏళ్లు ఎండలో నిలబడ్డ వెండి రంగుతో ఇంకో బండి వెండి రంగు కలవదు, ఎలాగూ పెయింట్ వేయాల్సిందే. చూడాల్సింది అంచులు. బానెట్ కిందికి మడిచిన అంచు నిటారుగా ఉందా, తలుపు వైపు గీత వంకర పోయిందా, బోల్టు రంధ్రాల చుట్టూ రేకు చిరిగిందా. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లాను. కింది మూల దగ్గర అది జారిపోతే లోపల పుట్టీ ఉన్నట్టు. దీనికి జారలేదు. లోపలి వైపు కంపెనీ పూత కూడా చెదరలేదు. పద్దెనిమిది వందలు చెప్పాడు, పధ్నాలుగు వందలకి ఇచ్చాడు.

బిగించడం పెద్ద పని కాదు, ఇది వెల్డింగ్ లేని భాగం. బానెట్ గాడిలో వరసగా బోల్టులు, తలుపు తెరిస్తే కనపడేది ఒకటి, కింద, బంపర్ మూల దగ్గర. పెద్దాయన అన్నీ వదులుగా పెట్టి, తలుపు పదిసార్లు తెరిచి మూసి, సందు పైనుంచి కిందికి సమానంగా వచ్చాకే బిగించాడు. రంగుకి మాత్రం మూడు వేల రెండు వందలయింది, మడ్‌గార్డ్ ధరకి రెట్టింపు దాటింది.

ఆ షెడ్డులోనే పాత జెన్ డిక్కీ తలుపు కూడా ఒకటి చూశాను, అద్దంతో సహా. కావలసినవాళ్లు త్వరగా వెళ్లండి, తుక్కు లారీ వచ్చేదాకే అది అక్కడ ఉంటుంది.